కాజాల వీధికి ఆ పేరెలా వచ్చిందంటే

పొద్దున్న ఏడయ్యేసరికి ఆ వీధిలో తలుపులు ఒకదాని వెనక ఒకటి తెరుచుకునేవి, ప్రతి తలుపు దగ్గరా ఒకటే మాట వినపడేది. "వెళ్ళొస్తా!" ఆఫీసులకెళ్ళేవాళ్ళూ, బడిపిల్లలూ, మూల కొట్లో దారపు ఉండ కొనుక్కోడానికి బయల్దేరిన ముసలమ్మలూ అందరూ అదే మాట. ఇంట్లో ఎవరూ లేకపోతే తలుపుకి చెప్పి పోయేవాళ్ళు. బేకరీ నడిపే రొట్టెల బాబాయి నోట్లో ముద్ద ఉన్నా సరే, నిలబడి నమిలి, మింగి, అప్పుడు చెప్పి మరీ కదిలేవాడు.

ఈ మాట ఎక్కడైనా అంటారు లెండి, మర్యాదకి. అక్కడ మర్యాద సంగతి కాదు. ఆ వీధి మనిషి ఎవరైనా ఆ మాట అనకుండా వీధి మొదలు దాటారో, మళ్ళీ వాళ్ళకి ఆ వీధి కనపడేది కాదు. మలుపు ఉండాల్సిన చోట సున్నం రాలిన పాత గోడ ఒకటి కనపడేది. దారితో పాటు ఇల్లూ, ఇంటితో పాటు ఇంట్లోవాళ్ళూ బుర్రలోంచి తుడిచిపెట్టుకుపోయేవాళ్ళు. ఒకరి బదులు ఇంకొకరు అంటే చెల్లేది కాదు. చంకలో పిల్లలకి తల్లి మాట చాలు గానీ, సొంతకాళ్ళ మీద గడప దాటిన రోజు నుంచీ ఎవరి మాట వాళ్ళదే. "వెల్లొత్తా" అన్నా సరిపోయేది. ఆ వీధికి మరీ అంత పట్టింపు లేదు.

అద్దెకొచ్చేవాళ్ళకి ముందే చెప్పేసేవాళ్ళు. "నీళ్ళు రెండు పూటలా వస్తాయి. మెట్ల మీద లైటు లేదు. బయటికెళ్ళేటప్పుడు మాత్రం వెళ్ళొస్తా అనాలి."

"అలాగేనండీ. మేడ మీద బట్టలారేసుకోనిస్తారా?" అని వాళ్ళు అడిగేవాళ్ళు.

అప్పటికి ఆ వీధికి పేరంటూ లేదు. ఉత్తరాల మీద "గడియారాల షాపు వెనక సందు" అని రాసేవాళ్ళు. ఆ షాపు మూతపడి ఇరవై ఏళ్ళయినా సరే, అలాగే రాసేవాళ్ళు.

ఆ సందులో ఎడంవైపు నాలుగో ఇంట్లో ఒకావిడ కాజాలు కుట్టేది. తినేవి కావు, చొక్కా గుండీలు దూర్చే కాజాలు. నగరంలో పెద్ద పెద్ద దర్జీలు కుట్టు మిషన్ మీద చొక్కా అంతా కుట్టి, కాజాలు మాత్రం ఆవిడ చేతికి పంపేవాళ్ళు. అందరూ కాజాలక్క అనేవాళ్ళు. ఆవిడ మొగుడు లిఫ్టు మెకానిక్కు. మనిషి మంచివాడే గానీ పొద్దున్నపూట కోపం ఎక్కువ. కాఫీ తాగితే తగ్గేది.

ఆ రోజు కాఫీ ఇంకా తాగలేదు.

"ఏమే, నగరంలో చొక్కాలన్నిటికీ కాజాలు కుడతావు. నా చొక్కాకి గుండీ లేదు చూశావా?" అన్నాడు.

"నిన్న చెప్పడానికి నోరు లేదా? బయల్దేరేటప్పుడు చెప్తే నేనేం చెయ్యను?" అంది.

"చెప్పకపోతే కనపడదా?"

"నాకేమన్నా వెనక కూడా కళ్ళున్నాయా?"

"పోతున్నా," అన్నాడాయన, పనిముట్ల సంచి భుజాన వేసుకుని.

ఉత్త పోతున్నా. ఆవిడకి చెవిన పడింది. పళ్ళ మధ్య దారం ఉంది, చేతిలో సూది ఉంది, ముఖం గంటు పెట్టుకుని ఉంది. పిలిచి "వెళ్ళొస్తా అను" అనడానికి ఎంతసేపు పడుతుంది? ఉమ్మేస్తే ఊడిపోయే దారం. తనే వెనక్కొచ్చి చెప్తాడులే, చెప్పకపోతే ఎక్కడికి పోతాడు అనుకుంది. ఆయన చెప్పులు వీధి మొదలు దాకా టపటపలాడడం విన్నది. తర్వాత వినపడలేదు. దారం తెంపి లేచి పరిగెత్తేసరికి మెయిన్ రోడ్డు మీద బస్సులు తప్ప ఏమీ లేవు.

వారం తర్వాత రొట్టెల బాబాయి ఆయన్ని ఒక కాఫీ హోటల్లో పట్టుకున్నాడు. "ఒరేయ్ నాయనా, ఇంటికి రా, నీ పెళ్ళాం ఏడుస్తోంది," అన్నాడు. ఆయన లేచి నిలబడి, "మీరెవరనుకుంటున్నారో గానండీ, నేను కాదు," అన్నాడు. బాబాయి వినకుండా చెయ్యి పట్టుకుని సందు మొదలు దాకా లాక్కొచ్చాడు. బాబాయి తిన్నగా లోపలికి వచ్చేశాడు. ఆయన ముక్కు గోడకి కొట్టుకుని రక్తం కారింది. బాబాయికి అక్కడ గోడే లేదు మరి. ఏం చేస్తాడు, జేబురుమాలు ఇచ్చి పంపేశాడు.

తర్వాత కాజాలక్క తనే వెళ్ళింది. బస్టాపులో ఆయన పక్కన నిలబడింది. ఆయన జరిగి చోటిచ్చాడు.

"ఇలా రండి, ఎండగా ఉంది," అన్నాడు.

పదేళ్ళ కాపురంలో ఆయన నోట ఆవిడ విన్నదంతా ఏమే, ఒసే, నువ్వూను. అంత మర్యాదగా 'రండి' అనేసరికి ఆవిడకి ఏడుపొచ్చేసింది. ఎవరన్నా తిడితే కోపం వస్తుంది. ఇంత మర్యాద చేస్తే ఏం చెయ్యాలి?

"ఒక్కసారి వెళ్ళొస్తా అనండి," అని అడిగింది.

ఆయన తెల్లబోయాడు గానీ, ఆడమనిషి ఏడుస్తూ అడుగుతోంది కదా అని ప్రయత్నించాడు. పెదాలు కదిలాయి, మాట బయటికి రాలేదు. కరెంటు పోయిన రేడియోలాగా నిలబడ్డాడు. అలా వెళ్ళిపోయినవాళ్ళకి అంతే, వీడ్కోలుగా ఆ మాట ఇక నోటికి రాదు. "ఉంటానండీ" అంటారు, "మంచిదండీ" అంటారు. ఆయన "ఉంటానండీ" అని బస్సెక్కాడు.

తొమ్మిదేళ్ళు గడిచాయి. ఆవిడ రోజూ కాజాలు కుట్టింది. రోజూ ఆ ఉమ్మేయని దారం గుర్తొచ్చింది.

అప్పుడు పురపాలక సంఘంవాళ్ళు నగరంలో ప్రతి వీధికీ ఒక పేరుండాలన్నారు. సందులో పేరు కోసం రెండు వారాలు మీటింగులు జరిగాయి. రొట్టెల బాబాయి వాళ్ళ నాన్న పేరు పెట్టాలన్నాడు. ఎదురింటి లెక్కల మాస్టారు "సమాంతర రేఖల వీధి" అంటే అందంగానూ ఉంటుంది, పిల్లలకి పాఠమూ వస్తుంది అన్నారు.

"రేఖలేం ఖర్మ, పొద్దున్నే చీపురు పట్టుకుని ఊడ్చేది నేను. నా పేరు పెట్టండి," అంది పక్కింటి వదిన.

ఏమీ తేలకుండానే గుమాస్తా వచ్చాడు. ఆయనకి ఎడమ చెవి పూర్తిగా, కుడి చెవి సగం వినపడదు. మధ్యాహ్నం పూట, వీధంతా ఖాళీ. కాజాలక్క చొక్కాల మూట చంకన పెట్టుకుని గడప దిగుతోంది.

"ఈ వీధి పేరేంటమ్మా?" అన్నాడు గుమాస్తా, రిజిస్టరు తెరుచుకుని.

ఆవిడ ఆ మనిషిని చూడనేలేదు. "వదినా, వెళ్ళొస్తా!" అని పక్కింటివైపు కేకేసి గబగబా వెళ్ళిపోయింది.

నెల తిరిగేసరికి సందు మొదట్లో నీలం రేకు మీద తెల్లటి అక్షరాలతో బోర్డు వెలిసింది. వెళ్ళొస్తా వీధి.

మాస్టారు మండిపడుతూ ఆఫీసుకెళ్ళారు. గుమాస్తా చెయ్యి చెవికి అడ్డం పెట్టుకుని అంతా విని, "ఎక్కించింది ఏడాది దాకా దించడానికి లేదండీ. ఏడాదయ్యాక వస్తాను, అందరూ సంతకాలు పెడితే మారుస్తాను," అన్నాడు. సరే, రొట్టెల బాబాయి ఆలస్యం చేయడమెందుకని రొట్టెలు చుట్టే కాగితాల మీద కొత్త అడ్రసు అచ్చు వేయించేశాడు. నగరం నాలుగు మూలలకీ ఆ కాగితాలు వెళ్ళాయి.

మూడో నెలలో బాబాయి అన్నగారు ఇంటికొచ్చాడు.

ఆయన పదిహేనేళ్ళ కిందట తమ్ముడితో మాటా మాటా వచ్చి, చెప్పకుండా పోయినవాడు. ఆ సందులో అలా తప్పిపోయింది ఇద్దరే, ఒకరు ఆయన, ఇంకొకరు కాజాలక్క మొగుడు. ఆ అన్నగారు నగరం అవతల కొసన ఎవరి ఇంట్లోనో పొద్దున్నే రొట్టె విప్పుతూ కాగితం మీద పేరు పైకి చదివాట్ట. వెళ్ళొస్తా అన్నది వీడ్కోలుగా నోటికి రాదు గానీ, వీధి పేరుగా చదివితే వచ్చేసింది. చదివి, రొట్టె అక్కడే పెట్టి, లేచి, తిన్నగా నడిచి వచ్చి, "తమ్ముడూ, పిండి ఇంకా కలపలేదేంట్రా?" అన్నాడు.

వీధంతా పండగలా అయిపోయింది. ఒక్క రోజే.

మర్నాడు ఒకావిడ చేతిలో ఆ రొట్టె కాగితం పట్టుకుని, దారి అడుక్కుంటూ బేకరీకి వచ్చింది. పధ్నాలుగేళ్ళుగా ఆయనతో కాపురం చేస్తున్న మనిషి. "నిన్న పొద్దున రొట్టె వదిలేసి వచ్చేశారు. ఏమైందండీ?" అంది.

అన్నగారు గల్లా దగ్గర నుంచి లేచి, "ఎవరు కావాలమ్మా?" అన్నాడు.

ఒక తలకి ఒక ఇల్లే పడుతుందని అందరికీ అప్పుడు తెలిసింది. ఆవిడ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, పట్టుకుని వెళ్ళిపోయింది.

కాజాలక్క అదంతా కళ్ళారా చూసింది. చూసి కూడా, 'అది వాళ్ళ సంగతి' అనుకుంది. తొమ్మిదేళ్ళు ఎదురుచూసిన మనిషికి దారి కనపడితే పక్కలకి ఎక్కడ చూస్తుంది? ఒక కాగితం ముక్క మీద పెద్ద పెద్ద అక్షరాలతో "నాలుగో ఇల్లు, వెళ్ళొస్తా వీధి" అని రాసుకుంది. ఒకచోట నాలుగంతస్తుల మేడలో లిఫ్టు పాడైందని, ఆయన బాగుచేస్తున్నాడని కనుక్కుంది. ఉతికిన చీర కట్టుకుని, పక్కింటి గడప ముందు నిలబడి, "వదినా, వెళ్ళొస్తా," అంది.

"ఇద్దరూ వచ్చెయ్యండి," అంది వదిన.

మూడో అంతస్తులో లిఫ్టు ఆగిపోయి ఉంది. గ్రిల్లు తలుపు తెరిచి పెట్టి, లోపల స్టూలెక్కి, పైకప్పులో తలదూర్చి ఆయన ఏదో బిగిస్తున్నాడు. కాళ్ళు మాత్రం కనపడుతున్నాయి. ఆ మడమల మీద పగుళ్ళు కూడా ఆవిడకి తెలుసు. పక్కనే మెట్ల మీద ఏడెనిమిదేళ్ళ పాప ఒకతి కూర్చుని, స్క్రూలన్నిటినీ పెద్దవీ చిన్నవీ వేరు చేస్తోంది. రెండు జడల్లో ఒకటి చెవి పైకి, ఒకటి చెవి కిందికి ఉంది. పాపట వంకర.

"జడ ఎవరు వేశారమ్మా?" అంది కాజాలక్క.

"నాన్న. ఇవాళ బాగా వచ్చింది," అంది పాప గొప్పగా.

"మరి అమ్మ?"

"అమ్మ లేదండీ, చచ్చిపోయింది. నేనూ నాన్నే. బడి లేనప్పుడు నేనూ లిఫ్టులకి వస్తాను."

పైకప్పులోంచి ఆయన తల బయటికొచ్చింది. జుట్టంతా తెల్లబడింది. "ఎవరండీ? లిఫ్టు ఇంకో గంట పడుతుంది. మెట్ల మీద వెళ్ళాలి మీరు."

ఆ 'మీరు' మళ్ళీ గుచ్చుకుంది. అయితేనేం, ఇంకొక్క నిమిషం. ఆవిడ చెయ్యి చాపింది. "ఈ అడ్రసు కొంచెం చదివి పెట్టండి. కళ్ళజోడు మర్చిపోయాను."

ఆయన నవ్వాడు. "నాదీ అదే కథండీ. కళ్ళజోడు సంచి అడుగున ఉంది, చేతులేమో ఇలా ఉన్నాయి. మా పాప చదువుతుందిలెండి, ఈ మధ్యే గుణింతాలు దాటి ఒత్తుల్లో పడింది. పాపా, చదివి పెట్టు."

పాప కాగితం తీసుకుంది. లిఫ్టు పక్క గోడకి ఆనుకుని, వేలు పెట్టి, "నా... లు... గో... ఇల్లు," అంది. ఆయన స్టూలు దిగి వంగి వింటున్నాడు, పాప తప్పు చదివితే దిద్దడానికి సిద్ధంగా. పాప ఒక్కో అక్షరం దాటుతుంటే ఆయన పెదాలు కూడా చప్పుడు లేకుండా కదులుతున్నాయి.

"చీకటి పడితే భయం లేదా నీకు, ఇలా నాన్న వెంట తిరుగుతుంటే?" అని కాజాలక్క ఎందుకు అడిగిందో ఆవిడకే తెలీదు. బహుశా ఆపడానికి.

"నాన్న ఉంటాడు కదా," అంది పాప, కాగితం మీంచి కళ్ళెత్తకుండానే.

ఆ మాటకి కాజాలక్క కళ్ళ ముందు బేకరీ గల్లా, "ఎవరు కావాలమ్మా?" అన్న గొంతు, నాలుగు మడతల కాగితం వచ్చి నిలబడ్డాయి. ఆ రోజు వచ్చిన ఆవిడ పెద్దది, ఇంటికి దారి తెలిసిన మనిషి. ఈ పిల్ల రేపు రొట్టె కాగితం పట్టుకుని ఎక్కడికని వెళ్తుంది? ఏమని అడుగుతుంది?

"వె... ళ్ళొ... స్తా... వీధి! వెళ్ళొస్తా వీధి, నాన్నా!" పాప గెలిచినట్టు అరిచింది.

"ఏ వీధీ?" ఆయనకి నవ్వొచ్చింది. "అదేం పేరే! వెళ్..."

కాజాలక్క గ్రిల్లు తలుపు పట్టుకుని ఒక్క లాగు లాగింది. ఇనుము ధనామని మోగింది. మేడ మేడంతా అదిరింది. తొమ్మిదేళ్ళుగా ఏ మాట కోసం చెవులు రిక్కించుకుని కూర్చుందో ఆ మాట సగంలో తెగి ఆ చప్పుడులో పడిపోయింది. ఆవిడ చూపుడు వేలు కూడా తలుపు సందులో నలిగింది.

"అయ్యయ్యో! చెయ్యి నలిగిందాండీ? చూపించండి, చూపించండి." చువ్వల అవతల నుంచి ఆయన కంగారుపడ్డాడు. "పాపా, సంచిలో గుడ్డ ఉంది, ఇవ్వు."

"ఏం లేదండీ. ఏం కాలేదు." ఆవిడ పాప చేతిలో కాగితం లాక్కుని గుప్పిట్లో నలిపేసింది. "ఆ అడ్రసు తప్పు. తప్పు రాసుకొచ్చాను. నేను... ఉంటానండీ."

"మంచిదండీ. జాగ్రత్తగా దిగండి," అన్నాడాయన.

మూడు అంతస్తులు ఎలా దిగిందో గానీ, వీధిలోకి వచ్చి పక్కింటి అరుగు మీద కూలబడింది. వదిన లోపల్నుంచి వచ్చి ఇటూ అటూ చూసి, "ఏడీ?" అంది. కాజాలక్క నలిగిన వేలు కొంగులో దాచుకుంది. వదిన వేలు చూసి తడిగుడ్డ తెచ్చి కట్టింది.

ఏడాదయ్యాక గుమాస్తా అన్న మాట ప్రకారం వచ్చాడు. ఈలోగా పేరు అందరికీ అలవాటైపోయింది, ముద్దొచ్చేసింది కూడా. మార్చేది లేదని మాస్టారే ముందు అన్నారు.

కాజాలక్క లేచి, "మార్చాలి," అంది.

"అదేంటమ్మా! నీ మొగుడి కోసమే కదా ఉంచుదామంటున్నది," అన్నాడు రొట్టెల బాబాయి. "ఇవాళ కాకపోతే రేపు, ఎక్కడో ఒకచోట చదువుతాడు. మా అన్నయ్య చదవలేదూ?"

"చదువుతాడు బాబాయ్. అందుకే చెప్తున్నా. నీ రొట్టె కాగితాలు లేని ఇల్లు లేదు."

"మరింకేం?"

"ఆయనకో పిల్ల ఉంది. తల్లి లేదు. దానికి ఆయనొక్కడే."

వదిన కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బాబాయి అన్నగారు మాత్రం, "ఎవరి పిల్లో అయితే మనకేంటి?" అన్నాడు అమాయకంగా. ఆయన తప్పు కాదు, ఆయనకి ఏమీ గుర్తు లేదు. బాబాయి ఆయన్ని ఒక్క చూపు చూసి, గుమాస్తా చేతిలో కలం లాక్కుని మొదటి సంతకం పెట్టాడు. తర్వాత మాస్టారు పెట్టారు. అలా కాగితం అన్ని గడపలూ తిరిగి కాజాలక్క ముందుకి వచ్చింది. ఆవిడ నలిగి మొద్దుబారిన ఆ వేలితోనే పెట్టింది. అక్షరాలు వంకర పోయాయి.

"సరే, కొత్త పేరేంటి?" అన్నాడు గుమాస్తా. అందరూ ఒక్కసారి నోరు తెరిచారు. నాన్న పేరు, సమాంతర రేఖలు, చీపురు, అన్నీ కలిసి పెద్ద గోల. గుమాస్తా రెండు చెవులూ మూసుకుని కాజాలక్క వైపు తిరిగాడు. "మీరు చెప్పండమ్మా. పోయినసారి మీరే కదా చెప్పింది. ఈసారి కొంచెం గట్టిగా."

మొగుడి నోట పడినా ఏమీ కాని పేరు కావాలి, అంతే. ఆవిడ ఒళ్ళో సగం కుట్టిన చొక్కా ఉంది.

"కాజాల వీధి," అంది గట్టిగా.

పాత బోర్డు దించి కొత్తది కొట్టారు. రొట్టెల బాబాయి పాత కాగితాలన్నీ పొయ్యిలో వేసి, కొత్తవి అచ్చు వేయించాడు.

ఆ చలికాలంలో ఒక రోజు పొద్దున్న కాజాలక్క దర్జీకి చొక్కాలు ఇచ్చి వస్తూ, మార్కెట్ దగ్గర కొట్లో దారం కోసం ఆగింది. పక్కన రొట్టెలు కొనుక్కుంటున్న తండ్రీకూతుళ్ళు ఆవిడని చూడలేదు. పాప రొట్టె చేతిలోకి తీసుకుని కాగితం మీద ఒక్కొక్క అక్షరం చదివింది. ఇప్పుడు తడబడకుండా చదువుతోంది.

"కాజాల వీధి. నాన్నా, కాజా అంటే ఏంటి?"

"గుండీ దూరడానికి చొక్కాకి ఉంటుంది చూడు, ఆ కంత." ఆయన తన చొక్కా పట్టి చూపించాడు. "ఊరికే కత్తిరించేస్తే పీచు లేచిపోతుంది. అందుకని కత్తిరించాక అంచు పొడుగునా దగ్గర దగ్గరగా కుట్టాలి. ప్రతి కుట్టుకీ దారం మెలితిప్పి ముడి పడాలి. రెండు కొసల్లోనూ మూడేసి కుట్లు అడ్డంగా వెయ్యాలి, చిరగకుండా. చివర్లో దారం కత్తెరతో కాదు, పళ్ళతో తెంపాలి."

కాజాలక్క చేతిలో దారపు ఉండ బల్ల మీద పెట్టేసింది.

"అవన్నీ నీకెలా తెలుసు నాన్నా?"

ఆయన చొక్కా పట్టీ అలాగే పట్టుకుని, ఆ చిన్న కంత వైపు చూశాడు.

"ఎవరో కుడుతుంటే పక్కన కూర్చుని చూసినట్టుందమ్మా... ఎవరో గుర్తు రావట్లేదు," అన్నాడు, తప్పు చేసినవాడిలాగా.

"పోనీలే నాన్నా," అంది పాప, ఆయన చెయ్యి పట్టుకుని.